తప్పుడు హెచ్చరికకూ ఒక కారణం ఉంటుంది: అనంతపురంలో విమాన ఇంజిన్ సందేశాల శిక్షణపై సమీక్ష

అనంతపురం సాయినగర్‌లో ఒక అద్దె భవనం పై అంతస్తులో, విమానాల నిర్వహణ రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు ఒకరు వారాంతాల్లో చిన్న శిక్షణ తరగతి నడుపుతున్నారు. ప్రయాణికుల జెట్ విమానాల కాక్‌పిట్‌లో ఇంజిన్ గురించి వచ్చే హెచ్చరిక సందేశాల్లో ఏది నిజం, ఏది కాదు, నిజం కానివాటిని ఎలా సరిచేస్తారు అన్నదే అక్కడి పాఠం. శని, ఆదివారాల్లో రెండు రోజుల పాటు సాగే ఈ తరగతికి పదిహేను వందల రూపాయలు తీసుకుంటున్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటి రోజు పాఠం లాంటిది మన జిల్లాలో నేను మరెక్కడా వినలేదు. రెండో రోజు హడావిడిగా గడిచింది. చేతికిచ్చిన నోట్సు విషయంలో మాత్రం క్షమించలేని నిర్లక్ష్యం కనిపించింది. ఇవన్నీ కలిపి చూసినా కట్టిన డబ్బు దండగ అనిపించలేదు.

నేను తాడిపత్రి వైపు ఒక సిమెంటు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో ఉద్యోగం చేస్తాను. కిల్న్ అనే పెద్ద కొలిమి ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వైబ్రేషన్, కంట్రోల్ రూములో మోగే అలారాలు, వాటిలో సగానికి సగం అకారణంగా మోగడం, మోగినప్పుడల్లా ఆపరేటరు మా మీద విసుక్కోవడం నాకు నిత్యం ఉన్న సంగతులే. అలారం తప్పని తేలితే మా దగ్గర పోయేది కొన్ని గంటల ఉత్పత్తి. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో అదే జరిగితే ఏం చేస్తారో తెలుసుకోవాలన్న కుతూహలంతోనే ఇందులో చేరాను.

విమానాల్లో ఉద్యోగం వస్తుందన్న ఆశతో చేరదలచినవారు ఒక విషయం గమనించాలి. ఈ తరగతికి ఎటువంటి అధికారిక గుర్తింపూ లేదు. విమానాన్ని సరిచేసి ప్రయాణానికి సిద్ధంగా ఉందని సంతకం పెట్టాలంటే మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) లైసెన్సు కావాలి, దానికి పరీక్షలు నెగ్గాలి, విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఇంజిన్లూ యాంత్రిక భాగాలూ చూసేవారికి బీ1 విభాగం, ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు, చూసేవారికి బీ2 విభాగం ఉంటాయి. గురువుగారు ఈ మాటను మొదటి పది నిమిషాల్లోనే, ఎవరూ అడగకముందే, స్పష్టంగా చెప్పారు. ఫీజు కట్టినవాళ్లతో ఇంత నిజాయితీగా మాట్లాడే శిక్షణ కేంద్రాలు ఈ ఊళ్లో నాకు ఎక్కువగా తెలియవు.

మా బృందంలో ఎక్కువమంది జేఎన్‌టీయూ విద్యార్థులు, పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు. ధర్మవరం నుంచి వచ్చిన ఒక యువకుడు బెంగళూరు విమానాశ్రయానికి కారు నడుపుతాడట. విమానం ఎందుకు ఆలస్యమైందని ప్రయాణికులు తననే అడుగుతున్నారని, ఇకనైనా ఏదో ఒక సమాధానం చెప్పాలనే చేరానని అన్నాడు. అందరూ నవ్వారు కానీ, తరగతిలో అందరికంటే సూటి ప్రశ్నలు అతనే అడిగాడు.

పాఠం ఇంజిన్‌తో కాకుండా కాక్‌పిట్‌లోని మనుషులతో మొదలైంది. ఒకప్పటి పెద్ద విమానాల్లో ఇద్దరు పైలట్లతో పాటు ఫ్లైట్ ఇంజనీరు కూర్చునేవాడు. పదుల కొద్దీ ముళ్ల మీటర్లను కనిపెట్టుకుని ఉండడమే అతని పని. 1980ల మొదట్లో బోయింగ్ 757, 767, ఎయిర్‌బస్ ఏ310 వచ్చేసరికి ఆ మూడో కుర్చీ పోయింది. మీటర్లను గమనించే బాధ్యతను కంప్యూటరు తీసుకుని, అవసరమైనప్పుడు మాత్రమే తెర మీద ఒక వాక్యం రాసి చూపడం మొదలుపెట్టింది. బోయింగ్‌లో ఈ ఏర్పాటును ఐకాస్ అంటారు, ఎయిర్‌బస్‌లో ఈకామ్ అంటారు. వెంటనే ఏదో ఒకటి చేయాల్సినది ఎరుపులో, గమనించి తగిన సమయంలో చూసుకోవలసినది ఆంబర్ (పసుపు, నారింజ కలిసిన) రంగులో వస్తుంది. ఎయిర్‌బస్‌లో ఎరుపు సందేశానికి గంట ఆగకుండా మోగుతుంది, ఆంబరుకు ఒక్కసారే మోగి ఊరుకుంటుంది. మనిషి చేసే పనిని యంత్రానికి అప్పగించినప్పుడు ఆ మనిషి అనుమానించే అలవాటు కూడా ఎక్కడో ఒకచోట మిగలాలని, అది ఇప్పుడు నేల మీద ఉండే మెకానిక్ దగ్గర మిగిలిందని ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది.

నోట్సు గురించిన నా ఫిర్యాదు ఇక్కడే. రంగుల మీద ఆధారపడిన హెచ్చరికల గురించి చెప్పే పుస్తకాన్ని నలుపు తెలుపు జిరాక్సు తీయించి ఇచ్చారు. ఎరుపు, ఆంబర్, ఆకుపచ్చ అన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. ఏ పెట్టె ఏ రంగుదో పక్కన పెన్సిలుతో మేమే రాసుకోవలసి వచ్చింది. నాలుగు పేజీలు రంగుల్లో తీయించడానికి ఎంతవుతుంది? ఆ మాట అడిగితే తదుపరి బ్యాచికి చూస్తామన్నారు.

ఇక తరగతికి ప్రాణం లాంటి భాగం మొదటి రోజు మధ్యాహ్నం జరిగిన ప్రయోగం. ఇంజిన్ వెనుక నుంచి బయటికి వచ్చే వాయువుల ఉష్ణోగ్రతను ఈజీటీ అంటారు, దాన్ని థర్మోకపుల్‌తో కొలుస్తారు. క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు మిశ్రమ లోహాల తీగలను ఒక చివర కలిపితే, ఆ కొస వేడెక్కినప్పుడు రెండో చివర అతి స్వల్పమైన వోల్టేజి పుడుతుంది. నూరు డిగ్రీలకు సుమారు నాలుగు మిల్లీవోల్టులు. సిమెంటు కర్మాగారంలో మేము వాడే కే-టైపు కూడా ఇదే. కిల్న్‌కు సరిపోయిన తీగే జెట్ ఇంజిన్‌కూ సరిపోతుందన్న సంగతి విని పక్కనున్న విద్యార్థులు నా వైపు కొత్త గౌరవంతో చూశారు. ఆయన ఒక పాత ప్రోబు, ఒక కేబులు, గుండ్రటి కనెక్టరు, మల్టీమీటరు బల్ల మీద పెట్టి, ప్రోబు కొసను సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేశారు. అంకె నిదానంగా పెరిగి ఒకచోట నిలబడింది. తర్వాత కనెక్టరుకు జానెడు దూరంలో కేబులును వేలితో చిన్నగా తట్టారు. అంకె ఒక్కసారిగా పడిపోయి, అర్థం లేని విలువలు చూపించి, మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది.

"ఏం మార్చాలప్పా?" అని అడిగారు. దాదాపు అందరూ ప్రోబు అన్నారు. కొత్త ప్రోబు బిగించి మళ్లీ తట్టారు, అంకె మళ్లీ పడింది. మీటరు మార్చమన్నారు. మార్చారు, మళ్లీ అదే. అప్పుడు కనెక్టరును విప్పి, టార్చి లైటు వేసి ఒక్కొక్కరినీ లోపలికి చూడమన్నారు. వరుసలో ఉన్న పిన్నుల్లో ఒకటి మిగతావాటికంటే వెంట్రుకవాసి లోపలికి జరిగి ఉంది. కనెక్టరు బిగించినప్పుడు అది అవతలి గుంటను తాకీ తాకనట్టు ఉంటుంది, నేల మీద నిలబడి ఉన్నంతసేపూ తాకుతుంది, ఇంజిన్ అదురుకు విడిపోతుంది. అందుకే విమానం గాలిలో ఉండగా వచ్చిన సందేశం దిగి పరీక్షించేసరికి కనబడదు. ఆ సంకేతాన్ని అందుకునే ఎలక్ట్రానిక్ పెట్టెను ఊడదీసి వర్క్‌షాపుకు పంపితే లోపం ఏమీ లేదని కాగితం రాసి తిప్పి పంపుతారు. అదే పెట్టె మరో విమానంలోకి వెళుతుంది. ఈ విమానంలో అదే సందేశం మళ్లీ వస్తుంది. ఈ మొత్తం తతంగాన్ని ఆయన బల్ల మీద అరగంటలో చూపించారు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న నేను కూడా పిన్ను చూసేదాకా ప్రోబునే అనుమానించాను.

ఆ ప్రయోగంలో నాకు కొత్తగా తెలిసిన చిన్న విషయం ఒకటి. విమాన ఇంజిన్లలో థర్మోకపుల్ తీగలు బిగించే స్టడ్లలో అల్యూమెల్ వైపుది లావుగా, క్రోమెల్ వైపుది సన్నగా ఉంటుంది. పొరపాటున అటుదిటు బిగించడానికి వీలు లేకుండా చేసిన ఏర్పాటు అది. మేమైతే జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని, అంటుకున్నది అల్యూమెల్ అని గుర్తుపడతాం. చీకట్లో, ఎండలో, తొందరలో పనిచేసేవాడి జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా ఆ జాగ్రత్తను బోల్టు సైజులోనే పెట్టేయడం ఎంత తెలివైన పనో నాలాంటివాడికి వెంటనే అర్థమవుతుంది.

ఒక సెన్సారును నమ్మి విమానాన్ని నడపరన్న సంగతిని కూడా ఆయన బాగా వివరించారు. సీఎఫ్ఎం56-5బీ ఇంజిన్‌లో ఈజీటీ కోసం 9 ప్రోబులు ఉంటాయి, కాబట్టి ఒకటి చెడినా అంకె పెద్దగా మారదు. ఇంజిన్‌ను నడిపే ఫాడెక్ అనే కంప్యూటరులో రెండు ఛానెళ్లు ఉంటాయి, ఒకటి దెబ్బతింటే రెండోది పని అందుకుంటుంది. మంటలను పసిగట్టే ఏర్పాటు గురించి చెప్పింది మరీ ఆసక్తికరంగా ఉంది. ఎయిర్‌బస్ ఇంజిన్ చుట్టూ ఏ, బీ అనే రెండు లూపులు ఉంటాయి. రెండూ మంట ఉందని చెబితేనే ఎర్ర హెచ్చరిక వస్తుంది, ఒక్కటే చెబితే రాదు. ఒక లూపు చెడిపోయిందని కంప్యూటరుకు ముందే తెలిసి ఉంటే మాత్రం మిగిలిన ఒక్కదాని మాటే చాలు. ఆ రెండు లూపులూ అయిదు సెకన్ల లోపే ఒకదాని వెంట ఒకటి తెగిపోతే, వాటిని తెంపింది మంటే కావచ్చునని భావించి హెచ్చరిక ఇస్తుంది. తప్పుడు హెచ్చరిక రాకుండా చూడాలి, అదే సమయంలో నిజమైన మంటను వదలకూడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలన్న దాని మీద తరగతిలో జరిగిన చర్చ నిజంగా విలువైనది.

టేకాఫ్ సమయంలో సందేశాలను తొక్కిపెట్టే పద్ధతి కూడా ఇందులో భాగమే. ఎయిర్‌బస్ విమానం రన్‌వే మీద 80 నాట్ల వేగం దాటినప్పటి నుంచి 1,500 అడుగుల ఎత్తు చేరేదాకా చాలా సందేశాలను తెర మీదికి రానివ్వరు. ఆ వేగంలో ఒక చిన్న ఆంబర్ సందేశం చూసి పైలట్ బ్రేకు వేస్తే, సందేశం చెప్పే లోపం కంటే బ్రేకు వేయడమే ఎక్కువ ప్రమాదం. మంట హెచ్చరికకు మాత్రం ఈ నిషేధం వర్తించదు.

మొదటి రోజు చివర చెప్పిన తైవాన్ ప్రమాదం విన్నాక గదిలో ఎవరూ కదల్లేదు. అది జెట్ కాదు, ప్రొపెల్లర్లతో ఎగిరే టర్బోప్రాప్. కడపకూ కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకూ వచ్చే ఏటీఆర్ 72 కుటుంబానిదే. 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్‌ఏషియా సంస్థకు చెందిన ఏటీఆర్ 72-600 విమానం తైపేలోని సోంగ్‌షాన్ విమానాశ్రయం నుంచి 58 మందితో బయలుదేరింది. గాలిలోకి లేచిన కాసేపటికే రెండో ఇంజిన్ ఆగిపోయిందని కాక్‌పిట్‌లో హెచ్చరిక వచ్చింది. నిజానికి ఆ ఇంజిన్ బాగానే ఉంది. ఇంజిన్ ఆగిపోతే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అడ్డు తగలకుండా అంచు మళ్లించే ఆటోఫెదర్ యూనిట్ అనే చిన్న పరికరంలో సోల్డరింగ్ జాయింట్లు దెబ్బతిని, సంకేతం తెగుతూ కలుస్తూ ఉండడంతో, ఆ పరికరం రెండో ప్రొపెల్లర్‌ను అనవసరంగా ఫెదర్ చేసింది. ఆ తర్వాత కెప్టెన్ రెండో ఇంజిన్‌కు బదులు, చక్కగా పనిచేస్తున్న మొదటి ఇంజిన్ లివరును వెనక్కి లాగి దాన్ని ఆపేశాడు. పొరపాటు గ్రహించేసరికి ఎత్తు మిగల్లేదు. విమానం వంతెనను రాసుకుంటూ కీలుంగ్ నదిలో పడింది. 43 మంది చనిపోయారు.

అప్పుడు జేఎన్‌టీయూ అమ్మాయి ఒకరు, "సార్, అంటే ఆ మెసేజి తప్పా, కరెక్టా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ చాలాసేపు మాట్లాడాం. ఇంజిన్ ఆగిపోయిందని చెప్పిన మేరకు సందేశం తప్పు, ఏ వైపు గొడవ ఉందో చూపిన మేరకు సరైనదే. టంకం బిందువులో పుట్టిన లోపం ఒక తప్పుడు సంకేతంగా మారింది, ఆ సంకేతం నిజమైన ఫెదరింగ్‌కు కారణమైంది, ఆ కంగారులో మనిషి చేయి అవతలి లివరు మీద పడింది. నేల మీద పనిచేసే మెకానిక్ ఆ గొలుసులో మొదటి లింకును మాత్రమే ఆపగలడని, అందుకే తెగీ తెగని కనెక్షనును పూర్తిగా తెగిన దానికంటే ప్రమాదకరంగా చూడాలని గురువుగారు చెప్పారు. దీనితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే పైలట్ల వైపు కథను, అంటే ఏ ఇంజిన్‌ను ఆపుతున్నామో ఇద్దరూ ఒకరికొకరు చూపించి నిర్ధారించుకునే పద్ధతిని, ఆయన రెండు వాక్యాల్లో దాటేశారు. హెచ్చరికను నమ్మేదీ నమ్మనిదీ చివరికి వాళ్లే కాబట్టి ఆ భాగానికి కనీసం గంట కేటాయించాల్సింది.

రెండో రోజు ఉదయం చెప్పిన, కెనడా విమాన సంస్థ ఎయిర్ ట్రాన్సాట్ ఉదంతం దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలోది. 2001 ఆగస్టు 24న ఏ330 విమానం 306 మందితో అట్లాంటిక్ మీద వెళుతుండగా కుడి ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రత తక్కువగా, ఆయిల్ ఒత్తిడి ఎక్కువగా చూపించడం మొదలైంది. ఆ రెండూ అలా కలిసి రావడానికి కారణం తోచక, మీటర్లే తప్పు చూపుతున్నాయేమోనని పైలట్లు అనుమానించారు. మీటర్లు తప్పు చూపలేదు. ఇంజిన్ దగ్గర ఇంధన గొట్టం ఒరిపిడికి చిల్లు పడి ఇంధనం ధారగా కారిపోతోంది. ఆయిల్‌ను చల్లబరిచే భాగం గుండా మామూలు కంటే ఎక్కువ ఇంధనం పోతుండడంతో ఆయిల్ అతిగా చల్లబడి, చిక్కబడి, ఒత్తిడి పెరిగింది. చివరికి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం సుమారు 19 నిమిషాలు గాలిలో జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లోని లాజెస్‌లో దిగింది, అందరూ బతికారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ ఇంజిన్‌ను మార్చారని, ఒకదానికొకటి సరిపడని భాగాలు బిగించడం వల్లే గొట్టం ఒరుసుకుందని దర్యాప్తులో తేలింది. అర్థం కాని రీడింగు అన్నంత మాత్రాన అది తప్పుడు రీడింగు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మా కంట్రోల్ రూములోనూ "ఆ ట్రాన్స్‌మిటర్ ఎప్పుడూ అంతే" అన్న మాట రోజూ వినబడుతుంది.

మన దేశానికి దగ్గరి ఉదాహరణగా పీడబ్ల్యూ1100జీ ఇంజిన్ చరిత్రను తీసుకున్నారు. ఏ320నియో విమానాల్లో మొదటిది 2016 జనవరిలో లుఫ్తాన్సాకు అందింది. ముందుగా తీసుకోవాల్సిన ఖతార్ ఎయిర్‌వేస్ వద్దంది. ప్రాట్ అండ్ విట్నీ చేసిన ఆ ఇంజిన్‌తో తొలి నెలల్లో రెండు చిక్కులు వచ్చాయి. ఆపిన ఇంజిన్ సమానంగా చల్లారక లోపలి షాఫ్టు కొద్దిగా వంగడం వల్ల, మళ్లీ స్టార్ట్ చేసే ముందు ఎక్కువసేపు తిప్పాల్సి వచ్చేది. రెండోది, సాఫ్ట్‌వేర్ వల్ల కాక్‌పిట్‌లో అవసరం లేని ఇంజిన్ సందేశాలు కనబడేవి. మొదటిదానికి బేరింగుల దగ్గర మార్పులు చేశారు, రెండోదానికి సాఫ్ట్‌వేర్ మార్చారు. అదే ఏడాది మార్చిలో ఇండిగోకు కూడా ఈ విమానాలు రావడం మొదలైంది. రెండేళ్లకు, 2018 మార్చి 12న, ఇదే ఇంజిన్‌లో నైఫ్-ఎడ్జ్ సీల్ అనే భాగంలోని లోపం కారణంగా గాలిలో ఇంజిన్లు ఆగిపోతుండడంతో, 450 వరుస సంఖ్య నుంచి పైనున్న ఇంజిన్లు కలిగిన 11 విమానాలను, అంటే ఇండిగోవి 8, గోఎయిర్‌వి 3, డీజీసీఏ నిలిపివేసింది. ఒక ఇంజిన్ కుటుంబం రెండేళ్ల తేడాలో అకారణ సందేశాలతోనూ, నిజమైన లోపాలతోనూ వార్తల్లోకి ఎక్కింది. తప్పుడు సందేశాలు తరచుగా వచ్చే యంత్రం దగ్గర పనిచేసేవాడికి నిజమైన సందేశాన్ని కూడా అదే చూపుతో చూసే ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో ఈ వరుసను చూస్తే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ మార్పును ఒక తయారీదారు ఎలా పరీక్షిస్తాడు, ఏ సందేశాన్ని తీసేయవచ్చో ఎవరు నిర్ణయిస్తారు అన్న ప్రశ్నలకు మాత్రం ఆయన దగ్గర తృప్తికరమైన సమాధానం రాలేదు. తీగలూ పిన్నులూ తెలిసినంతగా ఆయనకు సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి లేదన్నది స్పష్టం.

ఆ తర్వాతి గంటల్లో వేగం బాగా పెరిగింది. లోపం ఉన్నా కొన్ని షరతుల మీద విమానాన్ని పంపడానికి అనుమతించే మెల్ అనే జాబితా ఉంది. అందులో బీ తరగతి లోపాన్ని 3 రోజుల్లో, సీ తరగతి లోపాన్ని 10 రోజుల్లో, డీ తరగతి లోపాన్ని 120 రోజుల్లో సరిచేయాలి. ఇంతవరకే చెప్పి ముందుకు వెళ్లారు. ఎడమ ఇంజిన్ పెట్టెను కుడి ఇంజిన్‌కు మార్చి లోపం దానితో పాటే వెళుతుందేమో చూసే పద్ధతినీ, సముద్రాలు దాటే రెండు ఇంజిన్ల విమానాల్లో ఒకే మనిషి ఒకే పనిని రెండు ఇంజిన్ల మీదా చేయకూడదన్న నియమాన్నీ కూడా అంతే తొందరగా దాటారు. 2010 నవంబరు 4న సింగపూరు నుంచి బయలుదేరిన క్వాంటాస్ ఏ380లో ఒక ఇంజిన్ పేలిపోయి, తెర మీద పదుల కొద్దీ సందేశాలు వరదలా వచ్చిపడ్డాయి. వాటిలో ఏవి నిజం, ఏవి తెగిన వైర్ల వల్ల వచ్చినవి అని విడదీయడానికి పైలట్లు సుమారు గంటసేపు ఆకాశంలో చక్కర్లు కొట్టారు. దిగాక కూడా ఒక ఇంజిన్ ఆపడానికి లొంగక, చివరికి అగ్నిమాపక దళం దాన్ని నురుగుతో ముంచెత్తి ఆపాల్సి వచ్చింది. తప్పుడు సందేశాల గురించి చెప్పే తరగతికి ఇంతకంటే సంపన్నమైన సందర్భం ఉండదు. దానికి పదిహేను నిమిషాలు కూడా ఇవ్వలేదు, అదీ కరెంటు పోయి ప్రొజెక్టరు ఆగిన సమయంలో.

సౌకర్యాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గది ఇరుకు, ఫ్యాన్లు రెండే, మధ్యాహ్నం భోజనం ఎవరిది వారే చూసుకోవాలి. కింద వీధిలో సంగటి పెట్టే మెస్సు ఉంది కాబట్టి ఇబ్బంది కలగలేదు. పాఠం అంతా తెలుగులోనే సాగుతుంది. కాక్‌పిట్ సందేశాలు మాత్రం తెర మీద కనబడే రూపంలోనే చదివి, ఆ తర్వాత వివరిస్తారు. ఎవరైనా తెలియక తప్పు చెబితే "ఏమప్పా, లైటు ఆరిపోతే జబ్బు పోయినట్టేనా?" అని నవ్వుతూ అడగడం తప్ప ఎవరినీ చిన్నబుచ్చలేదు. ప్రయోగం బల్ల ఒక్కటే కావడంతో వెనుక వరుసల్లో ఉన్నవారికి పిన్ను చూసే వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. పది మందికి మించి తీసుకోకపోతే బాగుంటుంది, లేదా అదే సరంజామాతో మరో రెండు బల్లలు వేయాలి.

విమానాల లైసెన్సు కోసం చదువుతున్నవారికి ఇందులో కొత్త విషయాలు తక్కువే దొరుకుతాయి, పరీక్షకు పనికివచ్చేవి ఇంకా తక్కువ. ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్ చదివి ఇంకా చేతితో స్క్రూడ్రైవరు పట్టని విద్యార్థులకు, నాలా కర్మాగారాల్లో అలారాలతో సతమతమయ్యేవారికి మాత్రం తప్పక సిఫారసు చేస్తాను. అయిదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. మొదటి రోజుకు విడిగా ఇవ్వమంటే నాలుగున్నర ఇస్తాను. రంగుల నోట్సు ఇచ్చి, క్వాంటాస్ ఉదంతానికి ఒక పూట కేటాయిస్తే మిగతా లోటు కూడా తీరుతుంది. తదుపరి బ్యాచికి మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు టెక్నీషియన్లను పంపడానికి ఇప్పటికే పేర్లు రాయించాను. ముందు వరుసలో కూర్చోమని, కనెక్టరు చేతికి వచ్చినప్పుడు తొందరపడకుండా చూడమని చెప్పి పంపుతున్నాను.